బండి కింద రాళ్ళు

ముప్పాళ్ళ,
20 జనవరి 2025

యాస్మిన్ వాళ్ళ నాన్నకు, ఖదీజా సలాం.

మీ జైలు ఫోను ఇంకా బాగుపడలేదట. పోయిన వారమంతా ఎదురుచూశాను, ఒక్క కాల్ రాలేదు. ములాఖత్‌కు రావాలంటే మా అమ్మను ఒక రోజంతా వదిలిపెట్టాలి, అది కుదరడం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను. స్కూలు మానేశాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే నవ్వుకోండి.

యాస్మిన్ బాగుంది. మీరు దుబాయిలో ఉన్నారని బడిలో చెప్పుకుంటోందట. నేను కాదనలేదు.

అమ్మకు మంగళవారం, శుక్రవారం డయాలిసిస్ జరుగుతోంది. తమ్ముడు ముబారక్ ఆ రెండు రోజులూ టైల్స్ పని మానుకుని, మన కారులో నరసరావుపేట తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు. మిషన్ మీద నుంచి దిగాక అమ్మకు కళ్ళు తిరుగుతాయి, ఆటో కుదుపులకు తట్టుకోలేదు. మీ బండి లేకపోతే ఏమైపోయేవాళ్ళమో.

ఆ బండి సంగతే అడగాలి. నాలుగు రోజులుగా పెరట్లో అది నిలబెట్టిన చోట నల్లగా ఆయిల్ మరక పడుతోంది. పొద్దున లేచేసరికి పళ్ళెమంత అవుతోంది. కింద ఏదో నట్టు వదులైందని ముబారక్ అంటున్నాడు. వాడికి మెకానిక్ పని రాదు, మీకు తెలుసు. ఊళ్ళో ఉన్న ఒక్క మెకానిక్ ఇమ్మానుయేల్. అతన్ని పిలవమంటారా? మిమ్మల్ని అడగకుండా పిలవను.

మీ పెట్టెలో చక్రం విప్పే పానా కనపడలేదని ముబారక్ ఇల్లంతా వెతికాడు. అదెక్కడుందో నేనే గుర్తు చేయాల్సి వచ్చింది. 

చలికి దుప్పటి ఇస్తున్నారో లేదో రాయండి.

ఖదీజా


సెంట్రల్ జైలు,
29 జనవరి 2025

ఖదీజాకు,

నీ ఉత్తరం చదువుకున్నాను. దుప్పటి ఇచ్చారు. యాస్మిన్ చెప్పే అబద్ధాన్ని అలాగే ఉండనీ.

ఇమ్మానుయేల్ నా బండిని ముట్టుకోకూడదు. కార్ల స్టాండులో ఆ రోజు నేను చక్రాల పానాతో చెయ్యెత్తడం ఊరంతా చూసింది. కోర్టు బోనెక్కి, చూశానని చెప్పింది మాత్రం అతనొక్కడే. నా వల్ల ఒక మనిషికి కన్ను పోయింది, దాని శిక్ష అనుభవిస్తున్నాను. కానీ ఆ పానా నాదేనని సీలు వేసిన సంచీలోంచి తీసి చూపించిన చెయ్యి మళ్ళీ నా బండి మీద పడితే నేను ఓర్చుకోలేను. పని ఇంట్లోనే కావాలి. ముబారక్‌నే చేయమను.

కారుతున్నది చాంబర్ నట్టు అయి ఉంటుంది. ఇంజను అడుగున, ఆయిల్ దింపడానికి ఉండే నట్టు అది. పెట్టెలో రింగ్ పానాలు ఉన్నాయి, నట్టుకు సరిగ్గా కూర్చునేది చూసుకుని వాడమను. అటూ ఇటూ జరిపే స్క్రూ స్పానర్ జోలికి పోవద్దు, అది జారి నట్టు అంచులు తినేస్తుంది. రోడ్డు పక్కన గోనె మీద పరిచి అమ్మే పానాలు కొనవద్దు. వాటి ఇనుము మెత్తన, బిగువుకు నోరు తెరుస్తాయి. చక్రాల పానా మాత్రం కొత్తది కావాలి, పొడుగు కాడ ఉన్నది తీసుకోమను. ఇంజను వేడి మీద ఉండగా నట్టు విప్పితే ఆయిల్ ముఖాన పడి కాలుతుంది. చల్లారనివ్వాలి.

ముఖ్యమైన మాట. జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. మన పెరడు కాలువ వైపు వాలుగా ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, రాళ్ళు గట్టిగా పెట్టుకున్నాకే దూరమను. రాళ్ళు లేకుండా నేను ఏనాడూ బండి ఎత్తలేదని చెప్పు.

అత్తమ్మకు సలాం చెప్పు. ఉప్పు తగ్గించమను.

జహీర్


ముప్పాళ్ళ,
8 ఫిబ్రవరి 2025

యాస్మిన్ వాళ్ళ నాన్నకు,

మీరు రాసినవన్నీ ముబారక్‌కు రెండుసార్లు చదివి వినిపించాను. వాడు నవ్వి, బావ జైల్లో ఉన్నా చేతిలో పానా దించలేదన్నాడు. కోపం తెచ్చుకోకండి, వాడి మాటతీరు మీకు తెలిసిందే.

ఒక పొరపాటు జరిగింది. మీ ఉత్తరం రావడానికి ముందే వాడు సత్తెనపల్లిలో రోడ్డు పక్కన పానాల సెట్టు ఒకటి కొని, గోడ పక్కన పడుకుని చెయ్యి దూర్చి, ఆ నట్టును తిప్పిచూశాడు. అంచులు కొంచెం అరిగాయట. ఇప్పుడు మీ రింగ్ పానా కూడా సరిగ్గా పట్టడం లేదు. అన్నట్టు పెట్టె తాళంచెవి దొరక్క తాళం పగలగొట్టాడు. లోపలివన్నీ భద్రంగానే ఉన్నాయి, నేను గుడ్డతో తుడిచి సర్దాను.

రాళ్ళ సంగతి గట్టిగా చెప్పాను. వాడి పనిలో మిగిలిన సిమెంటు ఇటుకలు, గ్రానైటు ముక్కలు పెరట్లో కుప్పగా ఉన్నాయి. మీరు రాసినట్టే పెట్టుకుని చేస్తానన్నాడు. రోజూ కొత్త ఆయిల్ పోసుకుంటూ ఎలాగో నెట్టుకొస్తున్నాం. శివరాత్రి తిరునాళ్ళ లోపల బాగు చేయాలి. ఆ నాలుగు రోజులూ ఒక్క ఆటో దొరకదు, అన్నీ కోటప్పకొండకే పోతాయి.

అమ్మకు పాదాలు వాస్తున్నాయి. డాక్టరు ఒక్కసారి కూడా తప్పించకూడదన్నాడు. రాత్రుళ్ళు పడుకుంటే ఊపిరి ఆడక, లేచి గోడకు ఆనుకుని కూర్చుంటోంది.

మీ ఆరోగ్యం రాయండి.

ఖదీజా


సెంట్రల్ జైలు,
17 ఫిబ్రవరి 2025

ఖదీజాకు,

నా పెట్టె తాళం పగలగొట్టే హక్కు మీ తమ్ముడికి ఎవరిచ్చారు? పదిహేనేళ్ళపాటు ఒక్కొక్కటిగా కొనుక్కున్న సామాను అది. నా బండి నడుపుతున్నాడు, నా ఇంట్లో తింటున్నాడు, ఇప్పుడు నా పెట్టె కూడా తెరిచాడు. వద్దని రాసినా ఆ గోనె మీది పానాలు కొన్నాడు.

ఉత్తరం అందకముందే కొన్నాడని నువ్వు వెనకేసుకొస్తావని తెలుసు. నట్టు అంచులు తిన్నాక అది మామూలుగా రాదు. వాడు బలం చూపిస్తే ఆయిల్ నిలిచే చాంబరే పగులుతుంది, అప్పుడు బండి ఇనుప సామాన్లవాడికి వేయడమే. పానా పట్టడం చేతగానివాడు నా పెరట్లో ఉండొద్దు. ఈ మాట నేనన్నానని చెప్పు. టైల్స్ అతికించుకోమను.

ఇక్కడ నేను రోజంతా నేల మీద కూర్చుని ఆ బండి గురించే ఆలోచిస్తాను. నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా పాడుచేయకండి.

జహీర్


ముప్పాళ్ళ,
12 మార్చి 2025

జహీర్ గారికి,

ముబారక్ లేడు. శివరాత్రికి ముందు సోమవారం మధ్యాహ్నం, మన పెరట్లో, మీ బండి కింద పోయాడు.

మీకు కబురు చేయమని ఎవరెవరినో అడిగాను. ఫోను పనిచేయదన్నారు. ఆ తర్వాత నాకే చేతగాలేదు. రంజాన్ రోజాలు మొదలయ్యాయి, ఇఫ్తార్‌కు వాడి గిన్నె కూడా తీసి పెడుతున్నాను. ఇవాళ ఎలాగైనా రాయాలని కూర్చున్నాను.

మర్నాడు అమ్మ డయాలిసిస్. ఊళ్ళో ఆటోలన్నీ తిరునాళ్ళకు పోయాయి. వాడు పని మానుకుని పొద్దున్నే మొదలుపెట్టాడు. బండి ముందు భాగం జాకీతో ఎత్తి, రెండు వైపులా సిమెంటు ఇటుకలు పేర్చి, పైన గ్రానైటు ముక్కలు పెట్టాడు. జాకీని దించి బరువంతా వాటి మీద వదిలాడు. జాకీని నమ్మవద్దన్నారు కదా, నమ్మలేదు. నేను పక్కనే నిలబడి చూశాను. బాగానే ఉందనుకున్నాను.

నట్టు పట్టు దొరకలేదు. పానా కాడకు పైపు ముక్క తొడిగి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా బండి కొద్దిగా ఊగుతోంది. నేను బియ్యం కడగడానికి లోపలికి వచ్చాను. ఇటుక పగిలిన చప్పుడు చిన్నదే. ఆ తర్వాత ఇంకే చప్పుడూ రాలేదు.

వీధిలోవాళ్ళంతా కలిసి చేతులతో ఎత్తారు. ఇమ్మానుయేల్ కూడా పరుగెత్తుకొచ్చి భుజం పట్టాడు. నరసరావుపేట దారిలో తిరునాళ్ళ ప్రభలు పోతున్నాయి, అంబులెన్సుకు దారి ఇవ్వడానికి జనం తోసుకుంటూ పక్కకు తప్పుకున్నారు. కానీ అది వచ్చేసరికే అయిపోయింది. నా ఒళ్ళోనే.

మూడో రోజు, జియారత్ నాడు మీ ఉత్తరం వచ్చింది. మీకు సంగతి తెలిసి రాశారనుకుంది అమ్మ. అల్లుడు ఏం రాశాడో చదవమంది. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను కాగితం విప్పి, మీరు రాయని మాటలు చదివాను. ముబారక్ నాకు బావమరిది కాదు, నా తోడబుట్టినవాడని చదివాను. అత్తమ్మా, నేను కూడా మీ కొడుకునే, ధైర్యంగా ఉండండని చదివాను. అమ్మ కళ్ళు తుడుచుకుని, "జహీర్ మంచోడు" అంది. మీరు నిజంగా రాసింది, పానా పట్టడం చేతగానివాడు నా పెరట్లో ఉండొద్దని.

లేడు. మీ మాట చెల్లింది.

ఒక్కటి అడుగుతాను. రాళ్ళు పెట్టుకోమని రాశారు, పెట్టాడు. ఇంకేం చేసి ఉండాల్సింది? దెప్పిపొడుపుకు అడగడం లేదు. తెలియక అడుగుతున్నాను.

ఖదీజా


సెంట్రల్ జైలు,
21 మార్చి 2025

ఖదీజా,

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం ఇచ్చారు. పొద్దుపోయేదాకా చదువుతూనే ఉన్నాను. 

అడిగావు కాబట్టి చెబుతాను. నేను రాసిన రాళ్ళు వెనక చక్రాలకు అడ్డంగా పెట్టేవి. బండి ముందుకీ వెనక్కీ దొర్లకుండా. బరువు మోయడానికి కాదు. సిమెంటు ఇటుక బండిని మోయలేదు, మధ్యలోకి చీలిపోతుంది. మోయడానికి ఇనుప స్టాండ్లు ఉంటాయి, మూడు కాళ్ళవి, మనకు రెండున్నాయి. షెడ్డు గోడకు ఆనించి పెట్టాను. ఆ పని చేసేవాళ్ళం 'రాళ్ళు పెట్టావా' అంటే చక్రాలకనే అర్థం. స్టాండ్ల మాట రాయాలని నాకు తోచలేదు. చిన్నప్పుడు కూడు తినడం నేర్పినట్టు అన్నీ రాయాలా అనుకున్నానేమో. ముబారక్‌కు తెలిసే ఉంటుందనుకున్నాను. వాడు టైల్స్ పనివాడు, వాడికెలా తెలుస్తుంది?

ఇంకొకటి. సిమెంటు ఇటుకలు, గ్రానైటు ముక్కలు పెడతానన్నాడని నువ్వు రాశావు. ఆ ఉత్తరం ఇక్కడే ఉంది, ఇప్పుడు మళ్ళీ చూశాను. తాళం పగలగొట్టాడన్న కోపంలో ఆ మాట నా కంటికి ఆనలేదు. అది చదివిన రోజే వద్దని రాసి ఉంటే సోమవారానికి ముందే అందేదేమో. బదులుగా ఏం రాశానో నీకు తెలుసు.

పెరోల్‌కు అర్జీ పెట్టాను. సొంత తమ్ముడు కాదు కదా అన్నారు. 

అత్తమ్మ ఆస్పత్రికి ఎలా వెళుతోంది? అది రాయి. నా మీద ఎంత కోపమున్నా అది మాత్రం రాయి.

జహీర్


ముప్పాళ్ళ,
6 ఏప్రిల్ 2025

యాస్మిన్ వాళ్ళ నాన్నకు,

రంజాన్ అయిపోయింది. మేము పండగ చేసుకోలేదు. యాస్మిన్‌కు పక్కింటివాళ్ళు కొత్త గౌను తెచ్చి ఇచ్చారు. వేసుకుని, మళ్ళీ విప్పేసి మడిచి పెట్టింది. 

మీరు చెప్పిన మూడు కాళ్ళ స్టాండ్లు దొరికాయి. నేనే వాటి మీద చెక్క వేసి నీళ్ళ డ్రమ్ములు పెట్టుకున్నాను. మీరు వెళ్ళిన కొత్తలో అవి దేనికో తెలియక, గట్టిగా ఉన్నాయి కదా అని. ముబారక్ రోజూ ఆ డ్రమ్ములోంచే నీళ్ళు ముంచుకుని ముఖం కడుక్కునేవాడు.

అమ్మ ఆ బండి ఎక్కనంటోంది. చూడనంటోంది. మంచం ముఖం గోడకు తిప్పించుకుంది. ఆటోలో తీసుకెళుతున్నాను. వచ్చేటప్పుడు దారి పొడుగునా వాంతులు. రెండుసార్లు ఆటోవాడు రాలేదు, రెండుసార్లూ తప్పిపోయింది. ఒళ్ళంతా నీరు పట్టింది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది. ఇలా అయితే ఎంతో కాలం పట్టదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

అందుకే మిమ్మల్ని అడగకుండా ఒక పని చేశాను. ఇమ్మానుయేల్ దగ్గరికి వెళ్ళాను. బండి బాగు చేసి పెట్టమన్నాను. మీకు ఇష్టం ఉండదేమో అన్నాడు. మా ఇష్టాలకు ఒక మనిషి పోయాడని చెప్పాను. చేసి ఇస్తే ఇవాళ్టికి నడుస్తుంది, నువ్వు నేర్చుకుంటే ఎప్పటికీ ఉంటుంది, ఏం కావాలో చెప్పమన్నాడు. నేర్పమన్నాను, నడపడంతో సహా.

మీరేం రాస్తారో తెలియదు. ఏం రాసినా ఇది ఆగదు.

ఖదీజా


సెంట్రల్ జైలు,
15 ఏప్రిల్ 2025

ఖదీజా,

నేర్చుకో. బండి గురించి ఇక నేను ఏమీ చెప్పను, ఇమ్మానుయేల్ చెప్పినట్టు చెయ్యి. నా సలాం అతనికి చెప్పగలిగితే చెప్పు, లేకపోతే వదిలెయ్.

అత్తమ్మకు నిజం చెప్పు. నేను రాసిన తీరు వల్లే వాడు ఇటుకలు పెట్టాడని చెప్పు. నా రెండో ఉత్తరంలో ఉన్నది కూడా చెప్పు. ఆమె కోపం ఇనుము మీద ఎందుకు? నా మీద తీర్చుకోనీ. నన్ను తిట్టుకుంటూనైనా బండి ఎక్కితే చాలు.

జహీర్


నరసరావుపేట,
2 మే 2025

యాస్మిన్ వాళ్ళ నాన్నకు,

ఇది డయాలిసిస్ సెంటరు బయట, బండిలో కూర్చుని రాస్తున్నాను. అమ్మ లోపల మిషన్ మీద ఉంది.

మీరు చెప్పమన్నారని చెప్పాను. తల దువ్వుతూ, రాళ్ళ సంగతి, ఉత్తరం సంగతి, జియారత్ రోజు నేను చదివిన అబద్ధం, అన్నీ చెప్పాను. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజంతా, మర్నాడంతా మాట్లాడలేదు. తప్పు చేశానేమో, చివరి రోజుల్లో ఆమెకున్న ఒక్క ఊరటా తీసేశానేమో అనిపించింది.

పని మాత్రం మొన్న అయింది. ఇమ్మానుయేల్ వచ్చి నిలబడ్డాడు, చెయ్యి పెట్టలేదు. నేనే చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి, వాలు సరిచేయడానికి చెక్కలు వేసి, వాటి మీద స్టాండ్లు నిలబెట్టి బండిని దించాను. కిందికి దూరేముందు బయట నిలబడి బలం కొద్దీ ఊపి చూడమన్నాడు. ఊపాను. కదల్లేదు. అయినా దూరలేకపోయాను. నేల మీద ఆ మరక ఇంకా ఉంది. ఆయిల్ మరక అనుకుందామని ప్రయత్నించాను. ఇమ్మానుయేల్ తొందర పెట్టలేదు, వేపచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఏడ్చి, ముఖం తుడుచుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని దూరాను. అరిగిన నట్టుకు వేరే పట్టుకారు ఇచ్చాడు. తోయకుండా నా వైపు లాగమన్నాడు. వచ్చింది. వాడి ప్రాణం తీసిన నట్టు నా బొటనవేలంత కూడా లేదు. కొత్తది బిగించాను. మీ సలాం చెప్పాను. తలూపాడు.

అమ్మ అదంతా మంచం మీద ఇటు తిరిగి చూసిందని నాకు తెలియదు. ఇవాళ పొద్దున ఆటో కోసం నేను రోడ్డు మీదికి వెళ్ళి వచ్చేసరికి, గోడ పట్టుకుంటూ తనే బండి దగ్గరికి వచ్చి, వెనక తలుపు తీయలేక దాని మీద చేతులు పెట్టి నిలబడి ఉంది. ఎక్కించాను. ముప్పాళ్ళ దాటేవరకు కళ్ళు మూసుకునే ఉంది. తర్వాత మాట్లాడింది.

"ఆయన రాశాడు, నువ్వు చదివావు, వాడు పెట్టాడు. బానే ఉంది. ఆ రోజు పొద్దున్నుంచి వాడి ఎనకాల పడింది ఎవరే? ఆటోలు లేవురా, బండి కాకపోతే నేను రేపు చస్తానురా అని నేనే అన్నా. నువ్వు లోపలున్నావు, నీకు ఇనపడలా. వాడు నీళ్ళు కూడా తాగకుండా కిందికి దూరాడు. నేను ఆ బండి ముఖం ఎట్టా చూసేది?"

నేను బండి పక్కకు ఆపాను.  నీ తప్పేం లేదమ్మా అన్నాను. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. నా చెవికి కూడా ఎక్కలేదు.  రోడ్డు మీద మిరపకాయల లారీలు పోతున్నాయి. కాసేపటికి అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీయి, ఎండెక్కుతా ఉంది" అంది.

మిమ్మల్ని క్షమించానని ఒక వాక్యం రాశాను. కొట్టేశాను, అది నిజం కాదు. క్షమించలేదని ఇంకోటి రాశాను. అది కూడా కొట్టేశాను. మీరు వచ్చే నాటికి ఏది మిగులుతుందో చూద్దాం.

అమ్మకు ఇక ఎంత కాలం ఉందో డాక్టరు చెప్పడం లేదు, నేను అడగడం లేదు. మంగళవారం మళ్ళీ తీసుకురావాలి. ఇంకాసేపట్లో అమ్మ బయటికి వస్తుంది. సీటు కాలిపోతోంది, బండిని ముందే నీడకు జరపాలి.

ఖదీజా